సున్నం వేసిన మంగళవారం

రైల్వే క్వార్టర్స్, బిలాస్‌పూర్
28 నవంబరు 2024, గురువారం

గౌరవనీయురాలైన హరిప్రియ వదినకి,

నీ ఆడపడుచు భానుప్రియ నమస్కరించి రాస్తున్నది. మీ అమ్మగారికీ నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు. పాపకి ముద్దులు. ఇక్కడ మేమందరం కులాసా అని ఈ చోట రాయాలని, ఉత్తరం రాయడం నేర్పినప్పుడు సత్యనారాయణ తాతయ్య చెప్పాడు. రాయను. మేం కులాసాగా లేము. మొదటి వాక్యమే అబద్ధం రాయడానికా నేను పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నది?

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. మరి నా నంబరు బ్లాక్ చేసింది ఎవరు? అమ్మ ఫోన్లోంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. స్పీడ్ పోస్టుని బ్లాక్ చేసే మీట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి ఇది నీ చేతికి వస్తుంది. నా అక్షరాలు కోడి గీతల్లా ఉంటాయి, ఓపిక పట్టు. కాలనీలో నా ఈడు వాళ్ళెవరికీ తెలుగు చదవడమే రాదు. తాతయ్య యూనియన్ కరపత్రాలు కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. అందుకే మధ్యమధ్య ఖండించడాలూ డిమాండ్లూ వస్తాయి. ఇంటి మాటలు చెప్పే కరపత్రం తాతయ్య పెట్టెలో ఒక్కటీ లేదు.

ముందు మన పాత తగువు సంగతి. విశాఖ లింకు ఎక్స్‌ప్రెస్ కదిలేముందు కిటికీ దగ్గర నిలబడి, పదిమందీ వినేలా నిన్ను పలాయనవాది అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవడం లేదు. ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. మంచం పట్టిన మొగుణ్ణి వదిలేసి ఎందుకు వెళ్తున్నావో చెప్పమని నేను అరుస్తుంటే, నువ్వు పాప తల నిమురుతూ, మీ అన్నయ్యనే అడుగు భానూ అన్నావు. అంతే, ఇంకో మాట లేదు. నోట మాట పోయిన మనిషిని అడగమంటావా! ఆ వెటకారం నాకు ఇప్పటికీ అరగలేదు. సరే, పక్కన పెడుతున్నానన్నాను కదా.

నీతో పని పడింది వదినా. నీతో తప్ప ఇంకెవరితోనూ జరగని పని. అందుకే మొదటినించీ చెప్తాను.

నువ్వు వెళ్ళిన కొత్తలోనే మన కాలనీ పాత హాల్లో మంగళవారం కేంద్రం మొదలైంది. రాయ్‌పూర్ ట్రస్టు వాళ్ళది. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న చిన్న వయసు వాళ్ళకోసమని బోర్డు పెట్టారు. అన్నయ్యకి ముప్పైమూడు. డ్యూటీ దిగివచ్చి బూట్లు విప్పుకుంటూ పక్కకి ఒరిగిపోయిన మనిషి. చిన్న వయసు అన్న మాట చూసి అమ్మ ఎంత ఆశపడిందో! లోపల మాత్రం అంతా ముసలివాళ్ళకి చేసేదే. భజన పాటలు పెడతారు. ఉప్పు తగ్గించమంటారు. చేతికర్ర ఇచ్చి ఫొటో తీస్తారు. సర్కండా బ్యాంకు బ్రాంచిలో పనిచేసే మాధవీలత తెలుసు కదా, ఆమెకి ఎడమ చెయ్యి పడిపోయింది. స్కూటీ మళ్ళీ నడపగలనా, ఇంకో బిడ్డని కనొచ్చా అని అడిగింది. దానికి జవాబుగా బీపీ చూశారు. డ్యూటీకి పోవడం ఎలా అని అడిగితే మనసు ప్రశాంతంగా ఉంచుకోమన్నారు. మంగాయమ్మగారి చిరంజీవిది చక్రాల కుర్చీ. హాలు గుమ్మానికి మెట్లు. ప్రతి మంగళవారం నలుగురు కలిసి అతన్ని కుర్చీతో సహా పెళ్ళికొడుకుని పల్లకీలో మోసినట్టు ఎత్తుతారు. అతను కళ్ళు మూసుకుంటాడు. నాకైతే ఆ మెట్లని పగలగొట్టాలనిపించేది.

అయినా వదినా, ఆ చెత్త కేంద్రమే అన్నయ్యకి ప్రాణం అయింది. ఎందుకంటే అక్కడ తన ఈడు వాళ్ళున్నారు. అతని మూతి వంకర చూసి అయ్యో పాపం అనని చోటు బిలాస్‌పూర్ మొత్తంలో అదొక్కటే. మాధవీలత అయితే, ఏటి దిలీపూ, ఈరోజు గెడ్డం సగమే గీసుకున్నావు, ఆ సగం నాగా పెట్టిందేటి అంటుంది. అన్నయ్య నవ్వుతాడు. నవ్వితే ఎడమవైపే నవ్వుతాడు. తన కుడిచెయ్యి, మాధవీలత ఎడమచెయ్యి కలిపి ఇద్దరూ ఒకే మనిషిగా చప్పట్లు కొట్టాలని ఒకసారి చూశారు. రెండూ పనికిరాని చేతులే. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

మాటల సంగతి నీకు తెలీదు. నువ్వున్నప్పుడు ఊ, ఆ తప్ప ఏమీ లేవు కదా. పక్షంరోజులకోసారి మాట నేర్పే అమ్మాయి వచ్చేది. మనిషి బాగా అలవాటు పడి యాంత్రికంగా పలికిన మాటలు, మిగతావి పోయినా ఒక్కోసారి మిగులుతాయట. కొందరికి అంకెలు, కొందరికి దేవుడి పేర్లు. అన్నయ్యకి ఏం మిగిలాయో చెప్పుకో చూద్దాం. సిగ్నళ్ళు! ఇంజన్లో అసిస్టెంటుగా అన్నేళ్ళు చెయ్యెత్తి పెద్ద డ్రైవరుకి వినపడేలా కేక వేసిన మాటలు. హోమ్ హరా, స్టార్టర్ హరా, డిస్టెంట్ పీలా. పెళ్ళయిన కొత్తలో నిన్ను యార్డు వంతెన మీదకి తీసుకెళ్ళి ఐస్‌క్రీం కరిగిపోయేదాకా సిగ్నళ్ళ పాఠం చెప్పిన మనిషే కదా. ఆ పాఠమే మిగిలింది.

ఇప్పుడు ఇంట్లో అన్నయ్య భాష మూడు మాటలు. కావాలంటే, అవునంటే హరా, ఆకుపచ్చ. వద్దంటే, కాదంటే లాల్, ఎరుపు. తెలీదంటే పీలా, పసుపు. కూర బాగుందా అంటే అమ్మ మొహం చూసి పీలా అంటాడు. అంతకుమించి ఒక్క మాట రాదు. దాహమేస్తే గ్లాసు వైపు చూస్తాడు. మనం చూడకపోతే దాహంతోనే ఉంటాడు.

ఇక అసలు సంగతి. ఈ నెల మొదట్లో కబురొచ్చింది. ఏడాది అవుతోంది కాబట్టి కేంద్రం ఎలా పనిచేస్తున్నదో మూల్యాంకనం చెయ్యడానికి రాయ్‌పూర్ నించి రాజశ్రీ మేడమ్ వస్తారని. నేను ఎగిరి గంతేశాను. ఇన్నాళ్ళకి అడిగేవాళ్ళొస్తున్నారు, చెప్పేద్దాం అనుకున్నాను. తోర్వాలో నేను పనిచేసే జిరాక్స్ షాపులోనే హిందీలో, తెలుగులో కరపత్రం కొట్టించాను. మాకు దండలు వద్దు, దారి కావాలి అని శీర్షిక. మెట్ల సంగతి, భజనల సంగతి, ఉద్యోగాల సంగతి, అన్నీ రాశాను. మాట నేర్పే అమ్మాయి వారం వారం రావాలని డిమాండ్ పెట్టాను. ఇంటింటికీ పంచాను. అందరూ బాగా రాశావన్నారు. మా భాను మాటంటే బాణం అన్నారు.

మరి ఏం జరిగిందో విను. రిటైరైన స్టేషన్ మాస్టరు విశ్వనాథంగారు కబురు వినగానే హాలు తాళాలు తీసుకున్నారు. ఆయన చెవికి మూల్యాంకనం అన్న మాట వెళ్ళలేదు. ఇన్‌స్పెక్షన్ అన్నది ఒక్కటే వెళ్ళింది. ఇంక చూసుకో! పెద్ద ఆఫీసరు స్పెషల్ వస్తోందంటే స్టేషన్లు ఎలా తయారవుతాయో రైల్వే ఇంటి కోడలివి, నీకు చెప్పాలా? గోడలకి సున్నం. దారి పక్క ఇటుకలకి సున్నం, ఎర్ర గేరు రంగు. ఎవరింట్లో పూలకుండీలుంటే వాళ్ళ పేరు అడుగున సుద్దతో రాసి పట్టుకొచ్చారు. మెట్ల మీద ఎర్ర తివాచీ పరిచారు. మెట్లు తియ్యండి మహాప్రభో అంటే మెట్లకి బట్ట కప్పారు. రిటైరైన బాబాయిలందరూ గుడ్డలు పట్టుకుని కిటికీలు తుడుస్తూ పదేళ్ళు చిన్నవాళ్ళయిపోయారు. నేను వెళ్ళి ఇది మోసం, నేను ఖండిస్తున్నాను అన్నాను. విశ్వనాథంగారు బ్రష్షు దించకుండానే, ఇన్‌స్పెక్షన్ అంటే ఏటో నాకు చెప్తున్నావేటమ్మా, నా సర్వీసులో ఒక్క రిమార్కు లేదు తెల్సా, ఒచ్చినోళ్ళకి మన కష్టాలు సూపిత్తే మన్ని గాదు, మనకి నేర్పినోళ్ళని అంటారు, ఎక్సర్‌సైజులు చేయించే ఆ ఫిజియో పిల్ల ఉద్యోగం ఊడిపోద్ది, కాస్త ఆ కుండీ ఇటు జరుపు అన్నారు.

నేను కుండీ జరపలేదు. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను కూడా.

మనుషుల్ని కూడా సర్దారు వదినా. బాగా నడిచేవాళ్ళు ముందు వరస. నడవలేనివాళ్ళు వెనకాల. చిరంజీవిని రావద్దన్నారు. మేడమ్ ఎదుట కుర్చీ మొయ్యడం బాగుండదట. మంగాయమ్మగారు, పోన్లెండి, ఈ ఒక్క వారానికీ ఇంట్లోనే ఉంటాడు అన్నారు. ఆవిడ అలా ఒప్పుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. మేడమ్ ఏది అడిగినా సబ్ ఠీక్ హై అనాలని అందరికీ చెప్పారు. అడిగేదాకా ఆగకుండా అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ మంగళవారం రాజశ్రీ మేడమ్ వచ్చింది. మంచి మనిషే, చెడ్డది కాదు, అదే నా ఖర్మ. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఒక్కొక్కరి పక్కనా కూర్చుని ఓపిగ్గా అడిగింది. ఇబ్బందులేమైనా ఉన్నాయా అంటే మాధవీలతతో సహా అందరూ తలలు అడ్డంగా ఊపారు. తర్వాత నేను నిలదీస్తే మాధవీలత తల దించుకుని, అంతమంది పెద్దవాళ్ళు సున్నం మరకలతో నిలబడి ఉంటే ఎలా చెప్పనే అంది. సమోసాలు వచ్చాయి. కాగితాల మీద పెట్టి ఇచ్చారు. నా చేతికొచ్చిన కాగితం చూసుకుంటే మాకు దండలు వద్దు అన్న ముక్క నూనెలో మెరుస్తోంది. నా కరపత్రాలు వదినా! మిగిలినవన్నీ సమోసాల కిందకి వెళ్ళాయి.

మేడమ్ అన్నయ్య దగ్గరికొచ్చి ఆప్ కైసే హై అంది. అన్నయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. అప్పుడు విశ్వనాథంగారు వెనకనించి, పాత గొంతుతో, దిలీప్, స్టార్టర్ అన్నారు. అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. స్టార్టర్ హరా అన్నాడు, ఖంగుమని. తర్వాత అడ్వాన్స్ స్టార్టర్ హరా. విశ్వనాథంగారు తర్వాతి స్టేషన్ గతౌరా పేరు చెప్తే గతౌరా హోమ్ సిగ్నల్ చెప్పాడు, జైరామ్‌నగర్ అంటే అక్కడి డిస్టెంట్ చెప్పాడు, అలా అకల్‌తరా దాకా ఒక్క తడబాటు లేకుండా బండి నడిపేశాడు. హాలంతా చప్పట్లు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేడమ్ కళ్ళు కూడా చెమర్చాయి. వాహ్, ఇంత స్పష్టంగా మాట్లాడుతున్నారే అంది.

నేను లేచాను. మేడమ్, మంచినీళ్ళు కావాలని అడగమనండి చూద్దాం అని హిందీలో అరిచాను. చిరంజీవి ఎక్కడని అడగండి, తివాచీ ఎత్తి చూడండి అన్నాను. మేడమ్ నెమ్మదిగా, నువ్వు పేషెంటువా బేటా అని అడిగింది. కాదన్నాను. భార్యవా అంది. చెల్లెల్ని అన్నాను. పాల్గొనేవాళ్ళ మాట, లేదంటే వాళ్ళ భార్యో భర్తో చెప్పే మాటే రిపోర్టులోకి తీసుకుంటారట. అమ్మ మాట కూడా చెల్లదట. అమ్మ మాటంటే గుర్తొచ్చింది, ఆవిడ నా జబ్బ పట్టుకుని, నీ కాగితాలతోటి నీ అన్న నోటికి మాటొచ్చిందేటే, నా కొడుకు ఇన్నాళ్ళకి నాలుగు ముక్కలు పలికితే ఓర్వలేవా అంది.

ఇంకా అరిచేదాన్ని. కానీ అన్నయ్య వైపు చూశాను. చప్పట్లు ఆగినా చెయ్యి దించలేదు. మొహం వెలిగిపోతోంది. బూట్లు విప్పుకుంటూ ఒరిగిపోయిన రోజు తర్వాత ఆ మొహం నేను చూడలేదు. ఆ వెలుగుని ఆర్పి నిజం నిరూపించాలా? ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు. కూర్చుండిపోయాను.

తర్వాతి మంగళవారం, అన్నయ్యావాళ్ళని ఇళ్ళకి పంపేశాక, రిపోర్టు సారాంశం చదివారు. పాల్గొన్నవాళ్ళు చాలావరకు కోలుకున్నారు, ఇబ్బందులేవీ చెప్పలేదు, మాట పోయిన ఒక రైల్వే ఉద్యోగి ధారాళంగా మాట్లాడుతున్నాడు, కాబట్టి కేంద్రం లక్ష్యం నెరవేరింది, ఏడాది ఆఖరుకి దీన్ని అవసరం ఎక్కువున్న వేరే ఊరికి మారుస్తాం అని. గోడలకి సున్నం వాసన ఇంకా పోలేదు. విశ్వనాథంగారు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, అదేటమ్మా, ఇన్‌స్పెక్షన్ బాగుంటే షీల్డు ఇత్తారు గానీ టేషనే ఎత్తేత్తారేటి అని నన్ను అడిగారు. నన్ను! తిడదామని నోరు తెరిచాను. ఆయన చెవి వెనకాల సున్నం చుక్క ఒకటి ఎండిపోయి ఉంది. తుడుచుకోమని మాత్రం చెప్పాను. ఆయన ఇప్పుడు హాలువైపు రావడం లేదు. ఎవరి కుండీలు వాళ్ళింటికి తిరిగిచ్చేశారు.

నేను ఊరుకోలేదు. ఆస్పత్రికెళ్ళాను, మా పరిధి కాదన్నారు. యూనియన్ ఆఫీసుకెళ్ళాను, ఉద్యోగి తానే వచ్చి నోటితో చెప్పుకోవాలన్నారు. నోరు లేదనే కదా వచ్చానంటే, అచ్ఛా, అయితే లిఖితంగా అన్నారు. కుడిచెయ్యి లేదంటే టీ తాగి వెళ్ళమ్మా అన్నారు. తాతయ్య కూర్చున్న కుర్చీ అది. మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ విన్నది. డిసెంబరు రెండో మంగళవారం అభ్యంతరాలు వినడానికి వస్తాను, పాల్గొన్నవాళ్ళు ఇప్పటికే అంతా బాగుందన్నారు కాబట్టి, ఇంక ఒక్క భార్యో భర్తో అయినా ఎదురుగా నిలబడి ఇంట్లో అసలు పరిస్థితి ఇదీ అని చెబితే రిపోర్టు తిరగరాయగలను అంది. మాధవీలత మొగుడు దుబాయ్‌లో ఉన్నాడు. చిరంజీవికి పెళ్ళి కాలేదు. మిగతావాళ్ళు విశ్వనాథంగారి పరువు పోతుందని నోరు విప్పరు.

కాబట్టి నువ్వు రావాలి. ఇదే నా డిమాండ్. కాదు, డిమాండ్ కొట్టేస్తున్నాను, బతిమాలుతున్నాను. నాకోసం వద్దు, నామీద ఉమ్మేసి వెళ్ళు. అన్నయ్య ప్రతి మంగళవారం పొద్దున్నే నీలం చొక్కా వేయించుకుని గుమ్మంలో కూర్చుంటాడు. జనవరి నించి కూడా అలాగే కూర్చుంటాడు. కేంద్రం లేదని చెబితే అతనికి అర్థమవుతుంది, కానీ ఎందుకు లేదో అర్థమైతే? తను చెయ్యెత్తి కేక వేసినందుకే పోయిందని తెలిస్తే? ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. మనుషుల్ని నిలదీయడం తప్ప నాకేమీ రాదని ఈ నెలలో తెలిసింది. నిలదీయడానికి ఎవరూ దొరకనప్పుడు ఏం చెయ్యాలో రాదు.

ఈ ఉత్తరం పోస్టు చేసేముందు అన్నయ్యకి చదివి వినిపిస్తాను. అతని సంగతి అతనికి తెలియకుండా రాయడం అప్రజాస్వామికం. రిపోర్టు సంగతి వచ్చినచోట మాత్రం దాటేసి చదువుతాను, నన్ను క్షమించు.

పాపకి నేను అరిచే అత్తగానే గుర్తుంటానేమో. ఆ అత్త అరవకుండా ఉండటం నేర్చుకుంటోందని చెప్పు.

ఇట్లు
నీ రాకకోసం రోడ్డు వైపు చూస్తూ,
నీ కోపిష్టి ఆడపడుచు
భానుప్రియ

తా.క. ఇప్పుడే చదివి వినిపించాను వదినా. బుద్ధిగా విన్నాడు. సమోసాల దగ్గర నవ్వాడు. నువ్వు రావాలి అన్నచోట మాత్రం చెయ్యెత్తి లాల్ అన్నాడు. వినబడలేదేమోనని మళ్ళీ చదివాను. లాల్. వదిన రావద్దా అని తిప్పి అడిగాను. హరా. అప్పుడు నువ్వు కిటికీలోంచి అన్న మాట గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ వెటకారమనుకుని, అతన్ని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడిగాను. వదిన తనంతట తనే వెళ్ళిపోయిందా? లాల్. నువ్వే పంపించావా? హరా. పాప నీ మొహం చూసి జడుసుకుంటోందనా? కిటికీ వైపు తిరిగిపోయాడు. అలాగే, కిటికీకి చెప్పినట్టు, హరా అన్నాడు.

ఒక్క మాట, నేను వదిలెయ్యడం లేదు, ఆయనే సైగ చేసి పొమ్మన్నారు అని ఒక్క మాట ప్లాట్‌ఫారం మీద అని ఉంటే నా నోరు మూతపడేది కదా. అతని పరువుకోసం నా తిట్లన్నీ కిటికీలోంచి తీసుకుని ఊరుకున్నావు. పలాయనవాది అన్న మాట పైన అలాగే ఉంచాను. నేనెలాంటిదాన్నో నీకు తెలియాలి. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంక నిన్ను రమ్మనే హక్కు నాకు లేదు. అన్నయ్య ఎర్ర సిగ్నల్ వేశాడు. కానీ వంతెన మీద పాఠంలో ఇంకో ముక్క ఉందని నువ్వే నాకు ఒకసారి చెప్పావు. ఇంగ్లీషు 'A' అక్షరం బోర్డున్న స్తంభమైతే, సిగ్నల్ ఎర్రగానే ఉన్నా, బండి ఆగి, కాసేపు చూసి, మెల్లగా ముందుకి రావచ్చట. బోర్డు లేకపోతే కదలకూడదట. అన్నయ్య వేసిన ఎరుపు ఏ రకమో నాకు తెలీదు. ఆ పాఠం విన్నది నువ్వు.